కంచు కడియం ఆకుల సందుల్లో పచ్చ పొడి: తోమాలా, అట్లే వదిలెయ్యాలా?

తిరుచానూరు_వాణి
నా దగ్గర ఒక కంచు కడియం, దానికి జతగా జుంకాలు ఉన్నాయి. అచ్చు పోసి తర్వాత చేత్తో చెక్కిన పని, కడియం చుట్టూ తీగ, తీగ మీద చిన్న చిన్న ఆకులు. కొన్నప్పుడు తేనె రంగులో ఉండేది, వాడేకొద్దీ గోధుమ రంగుకి తిరిగి ఇప్పుడు దాదాపు నల్లగా అయింది, ఆ రంగు నాకు చాలా ఇష్టం కూడా. సమస్య అది కాదు. కార్తీకం వానల తర్వాత తీసి చూస్తే ఆకుల సందుల్లో లేత పచ్చగా పొడిపొడిగా ఏదో వచ్చుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది, నాలుగు రోజులకి మళ్ళా సరిగ్గా అక్కడే వస్తుంది. మా అత్తమ్మ చింతపండు, ఉప్పు వేసి తోమెయ్యి అంటుంది. ఫ్రెండ్ ఏమో ట్రాన్స్‌పరెంట్ నెయిల్ పాలిష్ కొట్టు అంటుంది. ఒక అంగట్లో అడిగితే బఫ్ మిషన్ పట్టించి మెరుగుపెట్టి, పైన లాకర్ (వార్నిష్‌లాంటి పారదర్శక పూత) కొట్టిస్తాం, కొత్తదానిలా అయిపోద్ది అన్నారు. నాకు కొత్తదానిలా వద్దు, ఉన్నది పాడవకుండా ఉంటే చాలు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇంతవరకు దేన్నీ తాకించలేదు.

చిత్తూరు_చిన్నబ్బ
చింతపండే. మా అవ్వ కాలం నుంచి కంచు తట్టలు, చెంబులు అన్నీ దాంతోనే తోమతా ఉండాం, ఒక్కటీ పాడు కాలా. దీనికి ఇంత ఆలోచన ఎందుకమ్మా.

పుత్తూరు_జయ
+1 చింతపండు. మా ఇంట్లో ప్రతి శుక్రవారం కుందులు, హారతి పళ్ళెం అన్నిటికీ అదే, తళతళా మెరిసిపోతాయి.

మదనపల్లె_టమాటా
ధర పడిపోయినప్పుడు మా ఊరికి రండి, టమాటాతో తోముకోవచ్చు, లోడు ఎత్తించి పంపిస్తాం 😀

బేరివీధి_ఆచారి
ఆగండప్పా అందరూ. వాణమ్మా, తాకించలేదు అన్నావు చూడు, అది మంచి పని. ముందు నాకు నాలుగు సంగతులు చెప్పు. ఆ పచ్చ గట్టిగా పూతలాగా పట్టుకోనుందా, లేకపోతే గోరుతో అంటే రాలతా ఉందా? రాలినాక దాని కింద నున్నగా ఉందా, గుంట పడిందా? ఆ కడియం యాడ పెడతావు, దేంట్లో పెడతావు? అయస్కాంతం పెట్టి చూసినావా? ఇవి తెలీకుండా మందు చెప్పకూడదు. కంచుకి వచ్చే పచ్చ అంతా ఒకటి కాదు.

తిరుచానూరు_వాణి
రాలుతుంది అన్నా, సుద్ద పొడిలాగా. సూది మొనతో తీసి చూస్తే కింద చిన్న చిన్న గుంటలు కనపడుతున్నాయి. వెల్వెట్ డబ్బాలో పెట్టి బాత్రూం పక్కన ఉన్న అలమారలో పెడతాను. ఇంకో మాట, అలిపిరి మెట్ల మీదుగా కొండకి నడిచి వెళ్ళినప్పుడు చేతికే ఉంది, ఇంటికొచ్చాక తీసి డబ్బాలో పెట్టింది పెట్టినట్టే ఉంది, వానలయ్యాకే మళ్ళా తెరిచాను. అయస్కాంతం పెట్టాను, అంటుకోలేదు.

అలిపిరి_నడక
3550 మెట్లు ఎక్కితే మనుషులమే చెమటకి ఉప్పు కట్టిపోతాం, కడియం ఎంత 🙏

కెమిస్ట్రీ_టీచర్
వాణి గారు చెప్పిన లక్షణాలు చూస్తే విషయం అర్థమవుతోంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కంచు అంటే రాగి, తగరం కలిసిన లోహం. నగలకి, విగ్రహాలకి మామూలుగా నూటికి 90 రాగి, 10 తగరం అటూ ఇటూగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ పైన రాగి ఆక్సైడ్ పొర కడుతుంది, మొదట ఎర్రగోధుమ, తర్వాత నలుపు. గాల్లో గంధకం ఉంటే సల్ఫైడ్ కూడా చేరుతుంది. ఈ నల్ల పొర గట్టిగా, సమంగా, లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, కింద ఉన్న లోహానికి గాలి, తేమ తగలకుండా అడ్డం పడుతుంది. వాణి గారికి నచ్చిన రంగు అదే, దాన్ని తియ్యక్కర్లేదు, తియ్యకూడదు కూడా.

పచ్చలో రెండు రకాలు చూసుకోవాలి. పాత గంటల మీద, గాలివానకి ఉన్న విగ్రహాల మీద ముదురు పచ్చగా గట్టిగా కనపడేది కదలని చిలుము, దానివల్ల ప్రమాదం తక్కువ. లేతగా, పొడిగా, చుక్కలు చుక్కలుగా వచ్చి, తుడిస్తే పోయి మళ్ళా అక్కడే వచ్చేది మాత్రం వేరు. చెమటలోని ఉప్పు, అంటే క్లోరైడ్, సందుల్లో రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడ్ అవుతుంది. దానికి తేమ, గాలి తగిలితే ఆ పచ్చ పొడి అవుతూ ఆమ్లం విడుదల చేస్తుంది, ఆ ఆమ్లం లోపలి రాగిని తిని మళ్ళా క్లోరైడ్ తయారుచేస్తుంది. ఒకసారి మొదలైతే బయటనుంచి కొత్తగా ఉప్పు రాకపోయినా తిరుగుతూనే ఉంటుంది. గుంటలు పడేది అందుకే. మ్యూజియం వాళ్ళు దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. పైపైన తుడిస్తే పోదు.

చిత్తూరు_చిన్నబ్బ
మేడం, అన్నీ ఒప్పుకుంటా. మరి మా ఇంట్లో తట్టలకి ఎందుకు రాలా ఈ తెగులు? చింతపండూ ఉప్పూ వేసే కదా తోమేది.

కెమిస్ట్రీ_టీచర్
తట్ట నున్నగా ఉంటుంది, తోమిన వెంటనే ధారగా నీళ్ళు పోసి కడుగుతారు, తుడిచి ఎండకి బోర్లిస్తారు, మర్నాడు మళ్ళా వాడతారు. ఉప్పు దాక్కోడానికి చోటు లేదు, తేమ నిలవడానికి టైం లేదు. కడియం మీద చెక్కుడు పని ఉంది. సందులోకి పోయిన ఉప్పునీళ్ళు ఎంత కడిగినా పూర్తిగా రావు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అది నల్ల పొరని కరిగిస్తుంది, మెరుపు వచ్చేది అందుకే. దానికి ఉప్పు తోడైతే రక్షణగా ఉన్న పొర పోయి, పచ్చి లోహం మీద క్లోరైడ్ పడుతుంది. ఆల్రెడీ తెగులు ఉన్నదానికి ఇది మరింత మేత వేసినట్టు.

చిత్తూరు_చిన్నబ్బ
అట్లయితే ఉప్పు లేకుండా వట్టి చింతపండు?

బేరివీధి_ఆచారి
కుందులకి, చెంబులకి సరే. నగకి వద్దు చిన్నబ్బా. ఎందుకంటే పులుపు తగిలినచోట రంగు పోయి రాగిముక్కలాగా ఎర్రగా మచ్చలు తేల్తాయి, అవి మళ్ళా చుట్టుపక్కల రంగులో కలవడానికి చాన్నాళ్ళు పడుతుంది. మేము కొన్ని నగలకి రంగు గంధకం మందుతో కావాలనే ఎక్కిస్తాం, చెక్కుడు లోపల నలుపు, పైన గట్టు మీద మెరుపు ఉండేలాగా. అది పనిలో భాగం. దాన్ని ఒక్క పూటలో తోమేస్తే ఆకు యాడుందో తీగ యాడుందో తెలీకుండా అంతా ఒకటే పసుపుగా అయిపోతాది. ఇటుక పొడి, ముగ్గుపిండి, బూడిద, అంగట్లో అమ్మే ఇత్తడి పౌడర్లు ఇవన్నీ కుందుల మందానికి సరిపోతాయి. కుంది నుంచి రవ్వంత అరిగితే ఎవురికి తెలుస్తాది? ఆకు మీద ఈనె అరిగితే తిరిగి రాదు.

టూత్‌పేస్ట్ కూడా వద్దు, అందులో కూడా రాపిడి పొడి ఉంటాది.

పుత్తూరు_జయ
అయ్యో టూత్‌పేస్ట్ ఆల్రెడీ వీడియోల్లో అందరూ చూపిస్తున్నారు కదా అన్నా

బేరివీధి_ఆచారి
వీడియోలో ఆ పూట మెరుపు చూపిస్తారు జయమ్మా, ఆర్నెల్ల తర్వాత నగ ఎట్లుందో చూపించరు.

కలికిరి_కృష్ణ
నా కేస్ వేరే. మా ఆవిడకి కొన్న కంచు గాజు బాత్రూంలో గ్రానైట్ మీద పడి రెండు ముక్కలయింది. రాగి, ఇత్తడి ఐతే సొట్ట పడుద్ది గానీ పగలదు కదా? డూప్లికేటా?

బేరివీధి_ఆచారి
డూప్లికేట్ కాదు, నిఖార్సైన కంచే అయ్యుండొచ్చు. తగరం పెరిగేకొద్దీ కంచు గట్టిపడతాది, మోత వస్తాది, కానీ పెళుసు. గంటలకి నూటికి 20, 22 వరకు తగరం పోస్తారు, కంచు పళ్ళేలు కూడా అట్లనే. అందుకే కిందేస్తే పగుల్తాయి. నగకి అంత పొయ్యకూడదు. ఇంకో సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి, నోరు తెరిచుండే కడియాన్ని వేసుకున్న ప్రతిసారీ విడదీసి, మళ్ళా నొక్కొద్దు. ఆ వంపు దగ్గర అలిసిపోయి ఒకరోజు పటుక్కున విరుగుతాది. ఒకసారి చేతికి సరిపోయేటట్టు చేయించుకోని, పక్కనుంచి మణికట్టు సన్నంగా ఉండే చోట దూర్చుకోవాల.

రేణిగుంట_రవి
నెయిల్ పాలిష్ సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను ఉంగరం లోపలివైపు కొడతాను, వేలు పచ్చబడకుండా. బాగానే పనిచేస్తోంది, పోయినప్పుడు మళ్ళా కొడతా.

శ్రీకాళహస్తి_లత
నేను కూడా కొట్టాను చెవిపోగులకి. మొదట బాగుండింది, తర్వాత అంచుల్లో పొరలు లేచి దాని కిందికి నీళ్ళు దిగి లోపల పచ్చగా తయారైంది. పైన గాజు పలకలాగా పాలిష్, కింద చిలుము, తియ్యలేక చచ్చాను.

రేణిగుంట_రవి
నాకట్లా కాలేదే మరి

కెమిస్ట్రీ_టీచర్
ఇద్దరూ చెప్పేది నిజమే. రవి గారి ఉంగరం లోపల నున్నగా ఉంటుంది, పాలిష్ సమంగా పడుతుంది, పోతే కనపడుతుంది, అసిటోన్‌తో తీసేసి మళ్ళా కొట్టుకోవచ్చు. లత గారి పోగులకి పని ఎక్కువ ఉండుంటుంది. వాణి గారి విషయంలో మాత్రం అస్సలు వద్దు, ఎందుకంటే లోపల క్లోరైడ్, తేమ ఉండగా పైన మూత వేస్తే అది లోపలే పని కానిస్తుంది. అంగట్లో చెప్పిన లాకర్ కూడా అంతే. శుభ్రం చేసి, పూర్తిగా ఆరబెట్టి, కొన్నాళ్ళు చూసి, పొడి మళ్ళా రాలేదని తేలాకే ఏ పూతైనా.

పీలేరు_పెద్దాయన
వేలు పచ్చబడడం గురించి ఒక మాట. కంచు, రాగి ఒంట్లో వేడి లాగేస్తుంది, అందుకే పచ్చబడుతుందని మా పెద్దలు చెప్పేవాళ్ళు.

కెమిస్ట్రీ_టీచర్
పెద్దాయనా, ఆ నమ్మకం మా ఇంట్లో కూడా ఉంది. కానీ పచ్చబడేది చెమట వల్లే. చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం ఉంటాయి, అవి రాగితో కలిసి పచ్చని లవణాలు అవుతాయి, ఆ రంగు చర్మానికి అంటుకుంటుంది. ఒకే ఉంగరం ఒకరికి పచ్చబడుతుంది, ఇంకొకరికి పడదు, ఎవరి చెమట వాళ్ళది. సబ్బుతో కడిగితే పోతుంది.

పీలేరు_పెద్దాయన
సరేనమ్మా, చదువుకున్నదానివి. నేను మాత్రం నా కడియం తియ్యను.

కెమిస్ట్రీ_టీచర్
తియ్యొద్దు పెద్దాయనా, రోజూ రాత్రి తుడిచి పెట్టుకోండి చాలు 🙏

సోమల_సుధ
మా పాపకి పచ్చబడడమే కాదు, దద్దుర్లు వచ్చి దురద పెడుతోంది. అది కూడా చెమటేనా?

కెమిస్ట్రీ_టీచర్
కాదు సుధ గారు, అది వేరు. దురద, దద్దుర్లు అంటే ఎక్కువగా నికెల్ అనుమానించాలి. చౌక నగల్లో పూత కిందో, కొక్కేల్లోనో నికెల్ ఉంటుంది. వెంటనే తీసేసి స్కిన్ డాక్టర్‌కి చూపించండి. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇంకోటి గమనించండి, పోత పోసిన కంచులో కొన్నిట్లో సీసం కూడా కలుపుతారు, అచ్చులోకి బాగా పారడానికి. పిల్లలు నోట్లో పెట్టుకుని చప్పరించేటట్టు ఏ పాత లోహపు నగా ఇవ్వకండి.

సన్నిధివీధి_షాపు
గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు చిన్న అంగడి ఉంది, పంచలోహం ఉంగరాలు, కడియాలు అమ్ముతాం. నా సరుకు గురించి నేనే చెప్తున్నా. పంచలోహం అంటే సంప్రదాయంగా రాగి, వెండి, బంగారం, తగరం, తుత్తునాగం (జింక్) అంటారు, కొన్నిచోట్ల సీసమో ఇనుమో కూడా లెక్కలో చేరుస్తారు. యాభై, వంద రూపాయలకి అమ్మే ఉంగరంలో బంగారం ఎక్కడినుంచి వస్తుంది? అది ఇత్తడి. అడిగినవాళ్ళకి నేను ఇత్తడనే చెప్పి అమ్ముతా, దేవుడి దగ్గర కొన్న గుర్తుగా తీసుకెళ్తారు, అందులో తప్పేం లేదు. కానీ కంచు అని వేలకి వేలు పెట్టి కొనేవాళ్ళు మాత్రం అడిగి తెలుసుకోండి. ఆన్‌లైన్‌లో జ్యువెలరీ బ్రాంజ్ అని వచ్చేదాంట్లో తగరమే ఉండదు, 87.5 శాతం రాగి, 12.5 శాతం తుత్తునాగం, అంటే ఒక రకం ఇత్తడి. నగకి మంచిదే, చూడ్డానికి బంగారు ఛాయ, కానీ కంచు కాదు.

బంగారం అంగళ్ళలో, హాల్‌మార్క్ సెంటర్లలో క్యారెట్ మీటర్ మిషన్ ఉంటుంది, వాళ్ళు ఒప్పుకుంటే నగని గియ్యకుండా, కరిగించకుండా అందులో పెట్టి ఏ లోహం ఎంత శాతమో చెప్పేస్తారు.

మదనపల్లె_టమాటా
అన్నా నీ అంగడి పేరు చెప్పు, ఇంత నిజం చెప్పేవాడి దగ్గరే కొంటా

సన్నిధివీధి_షాపు
ఇక్కడ యాపారం వద్దప్పా 😀

ఎస్వీయూ_హిస్టరీ
మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మ గుర్తుందా, కంచుదే, ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు. ఎడమచేతికి భుజం దాకా గాజులే. దాదాపు 4500 ఏళ్ళుగా ఆ రంగుతో నిలబడింది, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది. దగ్గర్లో చూడాలంటే చంద్రగిరి కోట రాజమహల్ మ్యూజియానికి పోండి, లోహ విగ్రహాలున్నాయి. కదలని పొర ఎట్లుంటుందో అక్కడ దగ్గరగా చూస్తే తెలుస్తుంది, నున్నగా, నిండుగా, చేత్తో తుడిచినా ఏమీ రాలదు అనిపించేలా.

ఎగ్మోర్_చిత్తూరోడు
ఆ మాటకొస్తే చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో 1930లోనే దీనికోసం కెమికల్ ల్యాబ్ పెట్టారు. అక్కడ చోళుల కాలం కంచు విగ్రహాలు చాలా ఉన్నాయి, వాటికి ఈ పచ్చ పొడి తెగులే పట్టింది, కరెంటుతో క్లోరైడ్‌ని బయటికి లాగే పద్ధతిలో బాగుచేశారు. సముద్రం పక్కన ఊరు కదా, గాల్లో ఉప్పూ తేమా రెండూ. ఇప్పుడైతే ఈ తెగులు పడిన వస్తువులున్న అరలో తేమ 40 శాతం లోపల ఉంచాలని మ్యూజియంలవాళ్ళు చూసుకుంటారు. ఆ చక్రం తిరగడానికి తేమ కావాలి, తేమ లేకపోతే క్లోరైడ్ ఉన్నా నిద్రపోతుంది.

తిరుచానూరు_వాణి
అంటే నాది బాత్రూం పక్కనుంచి మార్చడం మొదటి పని. సరే, ఇవాళే మార్చేస్తా. ఇప్పుడు ఉన్న పొడికి ఏం చెయ్యాలి? ఇంట్లో చేసుకునేదా, మ్యూజియం వాళ్ళకి ఇవ్వాలా?

బేరివీధి_ఆచారి
పురాతన వస్తువైతే ఇంట్లో తాకొద్దనే చెప్పేవాణ్ణి. నీది కొత్త పనే కాబట్టి చేసుకోవచ్చు. జుంకాలకి పొడి లేకపోతే వాటిని దీంతో కలిపి పెట్టొద్దు, పొడి రాలి తగలకూడదు.

ముందు మన బోరు నీళ్ళు వద్దే వద్దు. గిన్నెకి తెల్లగా పొర కట్టే నీళ్ళు అవి, ఉప్పులుంటాయి. కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ ఉంటాది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ అంగళ్ళలో దొరుకుతాది, అది తెచ్చుకో. లేబుల్ చదివి నీళ్ళే తీసుకో, యాసిడ్ కాదు. సన్నటి వెదురు పుల్లో, టూత్‌పిక్కో తీసుకోని గుంటల్లో పొడి అంతా ఓపిగ్గా గీకి తీసెయ్. సూది వద్దు, గీతలు పడతాయి. తర్వాత ఆ నీళ్ళల్లో మెత్తటి పిల్లల బ్రష్‌తో సందులు కడుగు. గాజు గిన్నెలో నీళ్ళు పోసి నానేసి, రోజుకొకసారి నీళ్ళు మార్చు. ఒక పూటలో అయ్యేది కాదు, లోపలి ఉప్పు నిమ్మళంగా బయటికి రావాల. తీసినాక నూలు గుడ్డతో ఒత్తి, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి సందులన్నీ ఆరబెట్టు. ఆ తర్వాత పొడి డబ్బాలో పెట్టి కొన్నాళ్ళు ఊరికే చూడు.

కెమిస్ట్రీ_టీచర్
ఆచారి గారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. నగలో ముత్యం, పగడం, అతికించిన రాళ్ళు ఉంటే ఇట్లా నానబెట్టకండి, జిగురు ఊడుతుంది. ముత్యానికి, పగడానికి పులుపు అస్సలు తగలకూడదు, రెండూ క్యాల్షియం కార్బొనేట్, నిమ్మరసంలో కరుగుతాయి. నెట్‌లో రాగి చిలుము ఆపే బెంజోట్రయజోల్ అనే మందు గురించి చదివి కొనొద్దు, మ్యూజియంలు 1960ల నుంచి వాడుతున్నాయి గానీ అది ఆరోగ్యానికి మంచిది కాదు, గ్లవ్స్, గాలి పీల్చే ఏర్పాటు ఉన్న ల్యాబుల్లో వాడేది.

పుత్తూరు_జయ
తెగులు లేని నగలకి మామూలుగా రోజూ ఏం చెయ్యాలి? అంత నానబెట్టడాలు అక్కర్లేదు కదా

శ్రీకాళహస్తి_లత
నేను చేసేది చెప్తా. తీసిన వెంటనే తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. నెలకోసారి కుంకుడుకాయ రసం పల్చగా కలిపి కడిగి వెంటనే ఆరబెడతా. సెంటు, సన్‌స్క్రీన్, శానిటైజర్ అన్నీ అయ్యాకే చివర్లో నగ పెట్టుకోవడం. గిన్నెలు తోమేటప్పుడు, తలస్నానానికి, నడకకి తీసెయ్యడం. పోగుల పాలిష్ గొడవ తర్వాత ఇంకే పూతా పెట్టలేదు, అవే బాగున్నాయి.

అలిపిరి_నడక
కొబ్బరినూనె రాస్తే మెరుపు ఉంటుందంటారు కదా?

బేరివీధి_ఆచారి
కుందుల్లో నూనె కారినచోట పచ్చగా జిగురుగా కట్టేది చూశారా? అదే జరుగుతాది. నూనె పాతబడితే పులిసి, ఆ పులుపు రాగిని పట్టుకోని పచ్చటి మడ్డి అవుతాది, దుమ్ము కూడా దాంట్లోనే అతుక్కుంటాది. నూనె వద్దు, మైనం వాడండి.

ఎగ్మోర్_చిత్తూరోడు
మ్యూజియంలవాళ్ళు వాడేది కూడా మైనమే. రినైసెన్స్ వాక్స్ అని, 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధకులు తయారుచేసిన మైక్రోక్రిస్టలైన్ మైనం, పులుపు లేనిది. చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ధర ఎక్కువే కానీ ఒక్కో నగకి గోరంతే పడుతుంది.

సోమల_సుధ
దాచేది ఎట్లా? మా ఇంట్లో న్యూస్‌పేపర్‌లో చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి పెడతారు అన్నీ.

కెమిస్ట్రీ_టీచర్
ఆ రెండూ మార్చెయ్యండి. రబ్బర్‌లో గంధకం ఉంటుంది, బ్యాండ్ ఉన్నచోట గీత గీసినట్టు నల్లబడుతుంది. పేపర్, అట్టపెట్టెల్లో ఆమ్లం ఉంటుంది. ఉన్ని గుడ్డలో కూడా గంధకం ఉంటుంది, వెల్వెట్ తేమ పట్టి ఉంచుతుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, గాలి తీసేసిన జిప్ కవర్లో ఒక్కో నగ విడిగా. కవర్లో బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్ ఒకటి. నవంబర్, డిసెంబర్ వానల్లో మన తిరుపతిలో అన్నీ చెమ్మగా ఉంటాయి, అప్పుడు ప్యాకెట్లు మార్చండి. ఎండాకాలం మన దగ్గర కంచుకి హాయి, మనకే కష్టం.

చిత్తూరు_చిన్నబ్బ
ఒప్పుకుంటా ఉండా మేడం. తట్టలకి చింతపండు, నగలకి మైనం. మా కోడలికి ఈ థ్రెడ్ పంపించినా, దాని కంచు హారం ఉప్పేసి తోమబోతా ఉండింది.

తిరుచానూరు_వాణి
అప్‌డేట్. ఆచారి అన్న చెప్పినట్టే చేశాను, నీళ్ళు మార్చుకుంటూ నానబెట్టి, ఆరబెట్టి, సిలికా జెల్ వేసి బీరువాలో పెట్టాను. రంగు అట్లాగే ఉంది, నలుపు పోలేదు, అది పెద్ద సంతోషం. ఆకులన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్క కొక్కెం దగ్గర ఆకు మాత్రం మళ్ళా చుక్క కనపడింది, ఇంతకు ముందుకంటే చిన్నది. మా అత్తమ్మ చూసి ఇంత నలుపు ఎందుకు ఉంచుకున్నావ్ అంటుంది గానీ, పొడి రాలడం తనూ చూసింది, గుంటలు చూపిస్తే ఒప్పుకుంది.

బేరివీధి_ఆచారి
మంచిది. ఆ ఒక్కచోట లోపల ఇంకా ఉంది. అక్కడే మళ్ళా పుల్లతో తీసి, అదే వరసలో నానేసి ఆరబెట్టు. రెండోసారికీ తగ్గకపోతే నగని తీసుకోని తిరుపతిలో టీటీడీ వాళ్ళ శిల్ప కళాశాల వైపు పోయి పోత పని నేర్పే గురువుల్ని అడుగు, చూసి చెప్పగలరు. అది పూర్తిగా ఆగేదాకా వేసుకోవద్దు, మైనం కూడా పెట్టొద్దు. జుంకాలకి ఇప్పుడే పెట్టుకోవచ్చు.

రేణిగుంట_రవి
అన్నా, ఆ ఇంపోర్టెడ్ డబ్బా కాకుండా మామూలు మైనం పనికొస్తుందా? కొవ్వొత్తి మైనం ఉంది ఇంట్లో.

బేరివీధి_ఆచారి
కొవ్వొత్తిది సరిగా పట్టుకోదు, పొట్టులాగా లేస్తాది. తేనె మైనం తెచ్చుకో, తేనె పిండేవాళ్ళ దగ్గర దొరుకుతాది. పోత పోసే మాలాంటివాళ్ళ దగ్గర అడిగితే మాత్రం గుగ్గిలం కలపనిది కావాలని చెప్పి అడుగు, అచ్చుకి వాడేదాంట్లో గుగ్గిలం, నూనె కలిపుంటాం, అది నగకి జిగటగా అంటుకుంటాది. నగని డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసుకోని, నూలు గుడ్డకి మైనం రవ్వంత రాసి, పల్చగా ఒక్క పూత. సందుల్లో ముద్దగా నిలిస్తే బ్రష్‌తో తీసెయ్యాల. చల్లారినాక పొడి గుడ్డతో రుద్దితే చాలు. రోజూ వేసుకునేదానికి రెండు మూణ్ణెల్లకోసారి, దాచిపెట్టేదానికి ఏడాదికోసారి.

రేణిగుంట_రవి
ఉంగరం లోపల నెయిల్ పాలిష్ తీసేసి ఇదే పెడతా అయితే.

బేరివీధి_ఆచారి
ఉంగరానికి మైనం తొందరగా పోతాది రవీ, చేతులు కడిగేది ఎక్కువ కదా. నీ పాలిష్ నీకు సరిపోతా ఉంటే అట్లే ఉంచుకో.